రోజ్‌మేరీ ప్రాజెక్టు డైరీ: సంక్రాంతి కోత నుంచి రోహిణి కార్తె బామ్ దాకా

పని సంక్రాంతి దాటిన వారం మొదలైంది, రోహిణి కార్తెలో ముగిసింది. చోటు నెల్లూరు. తలపెట్టినవి నాలుగు: రోజ్‌మేరీ ఆకు నానిన నూనె, కాలి పగుళ్లకు బామ్, ముఖానికి నీళ్లు, సున్నిపిండి. నాలుగింటిలో మూడు నిలబడ్డాయి. మిగిలిన ముఖానికి నీళ్లు రెండుసార్లు పారబోసి, మూడోసారికి కుదిరాయి. నూనె బాగా వచ్చిందా, చెడిందా అన్నది మొక్క రకం మీద కన్నా ఆకులో ఎంత తడి మిగిలిందన్న దాని మీదే ఆధారపడింది. అందుకే ఈ డైరీలో ఎండబెట్టడం గురించే ఎక్కువ.

1వ రోజు: కోత

ఐదు కుండీలు, రెండేళ్ల మొక్కలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, పెన్న ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, అడుగున రెండంగుళాల కంకర. సముద్రపు ఇసుక దగ్గరలో దొరుకుతుంది కదా అని వాడొద్దు. ఉప్పు సంగతి అటుంచి, అది మరీ సన్నం. తడిస్తే అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు.

ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. మన దేశంలో ఎక్కువగా నీలగిరుల్లో పండిస్తారు. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే నెల తిరక్కుండా పోతుంది. అసలు వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవైన మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండీలు చూరు కిందే ఉండాలి. వేళ్లు కుళ్లినా, నీళ్లు చాలకపోయినా ఆకు కొసలు ఒకే తీరుగా గోధుమరంగుకు తిరుగుతాయి. చూసి కంగారుపడి ఇంకో చెంబు పోస్తే అంతే. వేలు రెండంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే పోయాలి.

కొమ్మలు చూసినవాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఏందక్కా, సరుగుడు రెమ్మలు కోసుకొచ్చినావే!" దూరం నుంచి నిజంగా అట్లాగే ఉంటుంది. దగ్గర పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. ఆకు అంచులు రెండూ కిందికి ముడుచుకుని ఉంటాయి, వెనకవైపు తెల్లటి నూగు. గోటితో గీరితే కర్పూరం, నీలగిరి తైలం కలిసిన వాసన వస్తుంది. ఆ వాసనే ఎసెన్షియల్ ఆయిల్, అంటే వాసన తైలం. చర్మానికి పనికొచ్చే మిగతా సరుకుకు వాసన లేదు. ఇది గుర్తుంచుకుంటే తర్వాత చాలా గందరగోళం తప్పుతుంది.

కోత పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు. మొక్కలో మూడో వంతుకు మించి కోయలేదు, ఆకు లేని ముదురు కట్టె దాకా పోలేదు. అక్కడ కోస్తే మళ్లీ చిగురు రావడం కష్టం. మొత్తం 620 గ్రాములు. కాడలు తీసేసి ఆకు మాత్రం తూస్తే 410.

కడగాలా వద్దా? దుమ్ముంటే కోతకు ముందురోజు సాయంత్రం మొక్క మీదే నీళ్లు చల్లి వదిలేయాలి. కోశాక కడిగితే ముడుచుకున్న ఆకు వెనక చేరిన నీళ్లు గుడ్డతో తుడిచినా పోవు.

2–9 రోజులు: ఎండబెట్టడం

పేరుకు ఎండబెట్టడమే గానీ ఎండలో పెట్టకూడదు. ఎండలో రెండో రోజుకే ఆకు పాలిపోతుంది, వాసన ఎగిరిపోతుంది. మేడ మీద రేకుల షెడ్డు కింద నీడే కదా అనిపిస్తుంది. జనవరి మధ్యాహ్నం కూడా అక్కడ రేకు వేడి కిందికి దిగుతుంది. గదిలో, వెదురు చాటల్లో పలచటి నూలు గుడ్డ పరిచి, ఒక పొరగా, ఫ్యాను మూడో నంబరులో.

కోస్తాలో అసలు చిక్కు రాత్రిది. తెల్లవారుజామున గాలిలో తడి ఎక్కువ. పగలంతా ఎండిన ఆకు రాత్రికి ఆ తడి పీల్చుకుని పొద్దున చేతికి మెత్తగా తగులుతుంది. అందుకే సాయంత్రం ఐదింటికల్లా స్టీలు డబ్బాలోకి ఎత్తి మూత పెట్టడం, పొద్దున తొమ్మిదికి మళ్లీ పరచడం.

రోజూ ఒకే వేళకు తూచిన బరువులు, గ్రాముల్లో: 410, 262, 191, 158, 146, 140, 138, 138. రెండు రోజులు వరసగా ఒకే బరువు వచ్చిందంటే గాలికి పోవాల్సిన తడి పోయింది. మూడింట రెండు వంతులు నీళ్లే!

కాటా చెప్పిందని ఊరుకోలేదు. ఇంకో రెండు పరీక్షలు. ఆకును రెండు వేళ్ల మధ్య వంచితే టిక్కుమని విరగాలి, వంగి ఊరుకుంటే ఇంకా కాలేదు. రెండోది సీసా పరీక్ష. పొడి గాజు సీసాలో సగం దాకా ఆకు పోసి, మూత బిగించి, ఒక పగలు కిటికీ దగ్గర ఉంచాలి. లోపల గాజు మీద ఆవిరి కాస్తయినా పట్టిందంటే మళ్లీ చాటలోకే. తొమ్మిదో రోజు సీసా తేటగా ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ముందు కార్తీకంలో ఎండబెట్టిన విడత ఒకటి పోయింది. ముసురు పట్టి ఆరు రోజులు ఎండ లేదు. ఆకు పైకి ఎండినట్టే ఉంది, కాడ దగ్గర మాత్రం పచ్చి. నూనెలో వేసిన పన్నెండో రోజుకు సీసా అడుగున మబ్బులాంటి పొర చేరింది, మూత తీస్తే పులిసిన వాసన. నూనెలో సూక్ష్మజీవి పెరగదు, నిజమే. కానీ ఆకు మోసుకొచ్చిన నీటిబొట్టులో పెరుగుతుంది. పచ్చి ఆకే నేరుగా నూనెలో వేయమని చెప్పేవాళ్ల సీసాలు చెడేది ఇక్కడే.

ఆకు పెంచే ఓపిక లేనివాళ్లు వంటకు అమ్మే ఎండు రోజ్‌మేరీ కొనుక్కోవచ్చు. రంగు ఆకుపచ్చ–బూడిద మధ్య ఉండాలి. పూర్తిగా గోధుమరంగైతే పాతది. కొన్నదానికీ సీసా పరీక్ష తప్పదు.

10వ రోజు: ఏ నూనె, ఎంత

రోజ్‌మేరీ ఆకులో మనకు కావాల్సినవి మూడు రకాలు. కార్నోసిక్ ఆమ్లం, కార్నోసోల్ నూనెలో కరుగుతాయి. రోస్మరినిక్ ఆమ్లం నీళ్లలో కరుగుతుంది. వాసన తైలం ఆవిరితో పాటు లేస్తుంది. ఒక్క పద్ధతిలో మూడూ రావు. నూనెలో నానబెడితే మొదటి జంట, కషాయం కాస్తే రెండోది, బట్టీ పడితే, అంటే ఆవిరిని పట్టి చల్లారిస్తే మూడోది. "రోజ్‌మేరీ ఆయిల్" అని అంగడిలో అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఎసెన్షియల్ ఆయిల్. ఇంట్లో నానబెట్టింది వేరే సరుకు. ఒకటి చుక్కల్లో వాడాలి, ఇంకోటి చెంచాల్లో వాడొచ్చు. పేరు ఒకటే కావడంతో ఒకదాని కొలత ఇంకోదానికి వాడి ముఖం మంట పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

కార్నోసిక్ ఆమ్లం గాలి తగిలి నూనె కనరెక్కకుండా ఆపుతుంది. రోజ్‌మేరీ సారాన్ని ఆహార నూనెల్లో ఇందుకే వాడతారు, యూరప్‌లో దాని నంబరు ఇ 392. చర్మం మీద దీని మేలు కూడా ఎక్కువగా ఇదే: పూసిన నూనె తాజాగా ఉంటుంది, ఎర్రదనం కాస్త నెమ్మదిస్తుంది. ఈ రెండో సంగతికి ఆధారాలు ఎక్కువ భాగం ప్రయోగశాలలవే. తెల్లబడటం, మచ్చలు మాయం కావడం, ఎండ నుంచి కాపాడటం లాంటివి దీని నుంచి ఆశించొద్దు.

విడతలు ఇవి:

క) గానుగ నువ్వుల నూనె 400 గ్రాములు, ఆకు 40 గ్రాములు. వేడి పద్ధతి.
ఖ) కొబ్బరి నూనె 400, ఆకు 40. వేడి పద్ధతి.
గ) నువ్వుల నూనె 200, ఆకు 20. చల్లని పద్ధతి, నాలుగు వారాలు.
ఘ) పొద్దుతిరుగుడు నూనె 100, ఆకు 10. వేడి పద్ధతి, కనరు పరీక్షకు మాత్రమే.

అన్నీ తూకంలోనే. ఆకును గ్లాసుతో కొలిస్తే అదిమినదానికీ అదమనిదానికీ రెట్టింపు తేడా వస్తుంది. ఆకును రోట్లో రెండు దెబ్బలు వేసి నలిపాం, పొడి చేయలేదు. పొడి చేస్తే సారం త్వరగా దిగుతుంది గానీ, ఆ మడ్డి గుడ్డలోంచి జారి నూనెలో ఉండిపోతుంది.

వేడి పద్ధతిలో పెద్ద గిన్నెలో నీళ్లు, మధ్యలో చిన్న స్టీలు గిన్నె, దాని కింద మడిచిన గుడ్డ. నూనె వేడి 50–55 డిగ్రీలు, నాలుగు గంటలు. థర్మామీటరు లేకుండా "గోరువెచ్చగా" అని అంచనా వేస్తే నూనె 80 దాటినా తెలియదు, ఎందుకంటే నూనె పొగ రాదు, ఉడకదు. 70 దాటితే ఆకు వేగిన వాసన మొదలవుతుంది. ఇనప మూకుడు మాత్రం వద్దు. ఆకులోని పదార్థాలు ఇనుముతో కలిస్తే రంగు నలుపెక్కుతుంది.

గిన్నె మీద మూత పెట్టొద్దు. ఆకులో మిగిలిన కొద్ది తడి ఆవిరై మూతకు పట్టి, చుక్కలై తిరిగి నూనెలోనే పడుతుంది. పలచటి గుడ్డ కప్పితే తడి బయటికి పోతుంది, దుమ్ము పడదు. "క" విడతలో మొదటి ఇరవై నిమిషాలు ఆకు అంచుల నుంచి సన్నటి బుడగలు లేచాయి. అది నూనె మరగడం కాదు, ఆకులోంచి గాలీ తడీ బయటికి రావడం. బుడగలు ఆగాకే నాలుగు గంటల లెక్క మొదలుపెట్టాం.

11–13 రోజులు: వడగట్టడం

నాలుగు మడతల పాత పంచె గుడ్డ, ఉతికి పూర్తిగా ఆరినది. కారినంత కారనిచ్చి ఊరుకోవాలి. చివరి నూనె కోసం గుడ్డను గట్టిగా పిండితే వచ్చేది మడ్డి, దానితో పాటు తడి. ఆ పిండిన నూనె వేరే సీసాలో పట్టి వారంలో వాడేశాం.

రెండు రోజులు కదలకుండా ఉంచితే అడుగున గోధుమరంగు పొర చేరింది. పై నూనె మెల్లగా వంచి, చివరి వేలెడు వదిలేయాలి. 400కి "క" 352, "ఖ" 347 గ్రాములు వచ్చాయి. మిగతాది ఆకు తాగేసింది.

నువ్వుల నూనె ముదురు ఆలివ్ రంగుకు తిరిగింది. వాసనలో నువ్వులదే పైచేయి. కొబ్బరి నూనె లేత పచ్చ, రోజ్‌మేరీ వాసన దానిలోనే తేటగా తెలిసింది. ఆ రాత్రి చలికి కొబ్బరి సీసా సగం పేరుకుని రవ్వరవ్వగా కనపడింది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అది చెడటం కాదు.

మొటిమల తత్వం ఉన్న ముఖానికి కొబ్బరిది వద్దు. రంధ్రాలు మూసుకుపోయే స్వభావం దానికి ఎక్కువ. ఒంటికి, కాళ్లకు, మాడుకు సరే. ముఖానికి నువ్వులదే, అదీ రాత్రిపూట నాలుగు చుక్కలు, తడి ముఖం మీద.

మాడు అన్నాక అందరూ అడిగే ప్రశ్న జుట్టుదే. 2015లో ఇరాన్‌లో వంద మంది మీద ఆరు నెలల ప్రయోగం జరిగింది. సగం మందికి రోజ్‌మేరీ, సగం మందికి జుట్టు పెరగడానికి వాడే మందు మినాక్సిడిల్, 2 శాతం. ఆరో నెలకు రెండు జట్లలోనూ వెంట్రుకలు కొద్దిగా పెరిగాయి, మూడో నెలకు మాత్రం తేడా లేదు. ఏమీ పూయని జట్టు అందులో లేదు. పైగా వాళ్లు వాడింది మోతాదు కొలిచి చేసిన లోషన్, ఇంట్లో నానబెట్టిన నూనె కాదు. ఆ ఫలితం తెచ్చి ఈ సీసాకు అంటించలేం.

19వ రోజు: సున్నిపిండి

ఇది తేలిగ్గా అయిపోయింది. పెసలు 200 గ్రాములు, శెనగపప్పు 100, బియ్యం 50, కస్తూరి పసుపు 10, కచోరాలు 10, ఎండు రోజ్‌మేరీ 15.

రోజ్‌మేరీ ఒక్కటే విడిగా పట్టాలి. మిక్సీ ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి వాసన పోతుంది. ఐదు సెకన్లు తిప్పి ఆపడం, అట్లా పది విడతలు. తర్వాత వస్త్రగాళితం చేయాల్సిందే. మామూలు జల్లెడలో దిగిన పొడిని అద్దం మీద చల్లి భూతద్దంతో చూస్తే సూదుల్లాంటి ముక్కలు కనపడతాయి. అవి ముఖం మీద గీరుకుంటాయి. గుడ్డలోంచి దిగింది 9 గ్రాములే. మిగిలిన నూక కాళ్లు రుద్దుకోవడానికి.

పాత పద్ధతి సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. అవి వేసిన పిండి రాసుకుని ఎండలోకి పోతే కొందరికి చర్మం కమిలి నల్లబడుతుంది, వాటిలోని సొరాలెన్ అనే పదార్థం వల్ల. రోజ్‌మేరీకి ఆ గుణం లేదు. పొదలకూరు నిమ్మకాయ పిండుకునే అలవాటుకూ ఇదే హెచ్చరిక: నిమ్మరసం ముఖానికి రాసి ఎండలోకి పోవద్దు. ఈ పిండిలో బావంచాలూ నిమ్మతొక్కా రెండూ వేయలేదు.

24–33 రోజులు: ముఖానికి నీళ్లు, రెండుసార్లు పారబోత

మొదటి ప్రయత్నం: ఎండు ఆకు 5 గ్రాములు, నీళ్లు 250 మిల్లీలీటర్లు. నీళ్లు మరిగించి దించి, ఆకు వేసి, మూత పెట్టి పది నిమిషాలు. ఇక్కడ మూత ఉండాలి, నూనెకు చెప్పినదానికి తలకిందులు. రంగు పలచటి తేనెలా వచ్చింది. బయట పెట్టిన సీసా మూడో రోజుకు మసకబారింది. ఐదో రోజుకు వెలుతురుకు పట్టి చూస్తే దారపు పోగుల్లాంటివి తేలుతున్నాయి. ఫ్రిజ్‌లోది ఐదో రోజు దాకా తేటగానే ఉంది, ఎనిమిదో రోజుకు వాసన మారింది.

రోజ్‌మేరీ సూక్ష్మజీవులను చంపుతుంది కదా, మరి దాని కషాయమే ఎందుకు చెడింది? ప్రయోగశాలలో చంపే మోతాదు వేరు, కషాయంలో దిగే మోతాదు వేరు. నూనెను కనరు నుంచి కాపాడటం ఒక పని, నీళ్లను బూజు నుంచి కాపాడటం ఇంకో పని. మొదటిదానికి రోజ్‌మేరీ సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. విటమిన్ ఇ కూడా అంతే. విటమిన్ ఇ వేశాం కాబట్టి నీళ్ల క్రీము ఆరు నెలలుంటుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

రెండో ప్రయత్నంలో నిల్వకారి వేశాం. వడగట్టిన కషాయం 200 గ్రాములకు సోడియం బెంజోయేట్ 0.8 గ్రాము, పొటాషియం సార్బేట్ 0.4 గ్రాము. ఇవి పులుపు ఉంటేనే పనిచేస్తాయి, పీహెచ్ (పులుపు కొలత) 4.5 దగ్గరికి తేవాలి. అందుకని ముందు నిమ్మఉప్పు వేసి, తర్వాత బెంజోయేట్ వేశాం. వరస తప్పింది. వేసిన చోటే తెల్లటి పలుకులు తేలాయి. పులుపులో పడ్డ బెంజోయేట్ బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది, అది నీళ్లలో సరిగా కరగదు. ఇదీ కాలవలోకే.

మూడోసారి వరస మార్చాం. ముందు బెంజోయేట్, సార్బేట్ రెండూ పూర్తిగా కరిగేదాకా కలపడం. నిమ్మఉప్పు పది రెట్ల నీళ్లలో కరిగించి, చుక్కలు చుక్కలుగా వేస్తూ, కలుపుతూ, పీహెచ్ కాగితంతో చూసుకోవడం. 4.5కి వచ్చింది, పలుకులు లేవు. నెల దాటినా తేటగానే ఉంది. అయినా చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు నెలల్లో వాడేయాలని చీటీ అంటించాం.

నీళ్ల సంగతి. బోరు నీళ్లతో కాస్తే రంగు మందగించింది, అడుగున తెల్లటి పొడి చేరింది. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. పెట్రోలు బంకులో బ్యాటరీకి అమ్మే నీళ్లు చర్మానికి చేసినవి కావు. మందుల షాపులో దొరికే స్టెరైల్ వాటర్ సీసా వాడాం.

బట్టీ పట్టిన నీళ్లు కూడా ఒకసారి చూశాం. ఇడ్లీ పాత్రలో 250 గ్రాముల పచ్చి కొమ్మలు, లీటరు నీళ్లు, మధ్యలో స్టాండు మీద గిన్నె, తలకిందులుగా మూత, మూత మీద ఐసు. నలభై నిమిషాల్లో 280 మిల్లీలీటర్లు. మీద నూనె మెరుపు కనపడింది, ఎత్తి సీసాలో పట్టేంత లేదు. ఇంట్లో ఎసెన్షియల్ ఆయిల్ తీద్దామనుకునేవాళ్లకు ఇది చాలు జవాబు. ఈ నీళ్లలో రోస్మరినిక్ ఆమ్లం ఉండదు, అది ఆవిరితో లేవదు. వాసన కోసమైతే ఇది, చర్మానికి పని కోసమైతే కషాయం.

36–38 రోజులు: బామ్, మొదటి పోత

తేనెమైనం కొనేటప్పుడు విరిచి చూడాలి. అసలుదైతే విరిగిన చోట గరుకుగా రవ్వలా ఉంటుంది, తేనె వాసన వస్తుంది. పారఫిన్ కలిపింది జారుడుగా, వాసన లేకుండా ఉంటుంది.

మొదటి పోత వంద గ్రాములకు: నువ్వులది 55, కొబ్బరిది 30, మైనం 15. మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మైనంలో కొంచెం నూనె వేసి నీళ్ల గిన్నెలోనే కరిగించి, మిగతా నూనె గోరువెచ్చగా చేసి కలపాలి. చల్లటి నూనె ఒక్కసారిగా పోస్తే మైనం తెల్లటి తునకలై తేలుతుంది. మళ్లీ వేడి చేస్తే సర్దుకుంటుంది, కంగారు అక్కర్లేదు.

పోసే ముందు ఒక చుక్క చల్లటి స్టీలు చెంచా మీద వేసి మూడు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, బయట పది నిమిషాలు పెట్టి వేలితో చూడాలి. పాకం పరీక్ష లాంటిదే. గట్టిగా ఉంటే నూనె, మెత్తగా ఉంటే మైనం కలపాలి. డబ్బాల్లోకి 65 దగ్గర పోశాం. 75లో పోసిన డబ్బా నడిమధ్య గుంట పడింది: అంచులు ముందు గట్టిపడి, మధ్యది ఆరేటప్పుడు కుంగుతుంది.

ఎసెన్షియల్ ఆయిల్ ఒక గ్రాము, అంటే 1 శాతం. గిన్నె గోడలకు పొగమంచులా పొర పట్టడం మొదలైనప్పుడు వేయాలి. చుక్కలు లెక్కపెట్టొద్దు. ఒక్కో సీసా మూతకు చుక్క పరిమాణం మారుతుంది. 0.01 గ్రాము చూపే చిన్న కాటా కొనుక్కోవడం మేలు. ముఖానికైతే 0.5 శాతం చాలు. గర్భిణులకు, మూర్ఛ ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు ఎసెన్షియల్ ఆయిల్ వేయని బామే ఇవ్వాలి, దానిలో కర్పూరం, సినియోల్ ఉంటాయి. పాతబడి గాలి తగిలిన ఎసెన్షియల్ ఆయిల్ చర్మానికి పడకపోవడం ఎక్కువ. ముదురు రంగు సీసా, ఫ్రిజ్, సీసా తెరిచిన తేదీ, మూడూ ఉండాలి.

తులసి, పుదీనా, మరువం, రోజ్‌మేరీ అన్నీ ఒకే కుటుంబం. వాటిలో ఏదైనా పడనివాళ్లు మరింత జాగ్రత్త. పరీక్ష మోచేతి మడతలో, రోజుకు రెండుసార్లు, వారం రోజులు. ఒక్క రాత్రి చూసి ఏమీ కాలేదనుకుంటే చాలదు, కొందరికి నాలుగో రోజు, ఐదో రోజు దద్దురు వస్తుంది.

మడికట్లలో దిగేవాళ్లకు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లకు మడమ పగుళ్లు మామూలే. బామ్ తేమను పుట్టించదు, ఉన్న తేమను మూసి ఉంచుతుంది. పొడి మడమ మీద పూస్తే పై మెరుపే మిగులుతుంది. పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టి, అద్ది, తడి ఆరకముందే పూసి, నూలు మేజోళ్లు వేసుకోవాలి. రక్తం వచ్చే పగులు మీద వద్దు. షుగరు ఉన్నవాళ్లు పగులు లోతుగా ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

40వ రోజు: చల్లని విడత

"గ" సీసా నాలుగు వారాలు చీకటి అలమరలో ఉంది. రోజూ ఒకసారి తిప్పడం, ఆకు నూనెలోంచి పైకి తేలకుండా చూడటం. తేలిన ఆకే ముందు బూజు పడుతుంది. రంగు "క" కన్నా లేత, వాసన కొంచెం మెరుగు. ఎండలో కిటికీ దగ్గర నానబెట్టే పద్ధతి చూడటానికి అందంగానే ఉంటుంది, వెలుతురు మాత్రం నూనెను కనరెక్కిస్తుంది. నాలుగు గంటల్లో అయ్యేదానికి నాలుగు వారాలు ఆగాలా అంటే, ఈ వాతావరణంలో అవసరం లేదు.

83వ రోజు: కనరు పరీక్ష

సాదా పొద్దుతిరుగుడు నూనె ఒక సీసా, ఆకు నానిన "ఘ" ఇంకో సీసా. రెండూ సగమే నింపి, వంటింటి పై అరలో, అంటే ఇంట్లో అన్నిటికన్నా వేడి చోట పెట్టాం. సాదాది ఏప్రిల్ మొదటికే పాత అరిసెల డబ్బా తెరిచినట్టు కనరు వాసన కొట్టింది. "ఘ" ఈ రోజుకు బాగానే ఉంది. ముక్కుతో చూసిన పరీక్ష, ఒక్కో సీసా మాత్రమే, కాబట్టి ఎన్ని రోజులు ఎక్కువ నిలుస్తుందని లెక్క కట్టడానికి పనికిరాదు. నువ్వుల నూనె రెండు సీసాలకూ ఇంతవరకు తేడా తెలియలేదు. దానికి సొంత రక్షణ ముందే ఉంది.

ఇది అమ్ముకోవచ్చా అని అడిగేవాళ్లకు ఒక మాట. సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ నియమాల కింద రాష్ట్ర లైసెన్సు ఉండాలి. బంధువులకు డబ్బాలో పెట్టి ఇవ్వడం వేరు, చీటీ వేసి డబ్బు తీసుకోవడం వేరు.

126వ రోజు: రోహిణి కార్తె

బామ్‌కు అసలు పరీక్ష ఇదే. ఫిబ్రవరిలో వెన్నలా ఉన్న 15 శాతం మైనం డబ్బా మధ్యాహ్నం మూడింటికి తెరిస్తే మీద నూనె తేలి, కింద మెత్తటి ముద్ద. పక్కనే ముందుజాగ్రత్తగా పోసి ఉంచిన 22, 28 శాతం డబ్బాలు. 28ది వేలికి రాలేదు, గోరుతో గీకాల్సి వచ్చింది, మడమ మీద లాగినట్టు పట్టింది. 22దాని మీద వేలు రాస్తే చారిక పడింది, నూనె తేలలేదు. మన ఎండకు నువ్వులది 50, కొబ్బరిది 28, మైనం 22 అని ఖాయం చేశాం. చలికాలానికి 17 చాలు.

కరిగిన డబ్బా పారేయలేదు, 60 గ్రాములు మిగిలింది. 15ను 22 చేయాలంటే వందకు ఏడు కలిపితే చాలనిపిస్తుంది. అట్లా కలిపితే మొత్తం బరువూ పెరిగి 20.6 దగ్గర ఆగుతుంది. వందకు 9 కావాలి, అంటే 60కి 5.4 గ్రాములు. మైనం విడిగా కరిగించి, బామ్ దానిలో కలిపి, చెంచా పరీక్ష చూసి, 65 దగ్గర మళ్లీ పోశాం. రెండోసారి వేడికి వాసన సగం తగ్గింది. ఎసెన్షియల్ ఆయిల్ మళ్లీ వేయలేదు, ముందు వేసినదాంట్లో ఎంత మిగిలిందో కొలవకుండా ఇంకా వేస్తే 1 శాతం దాటొచ్చు. చీటీ మీద పాత తేదీ కొట్టేయకుండా, పక్కనే కొత్త తేదీ రాసి అంటించాం.